మగ్గం గదితో ఇల్లు: ఓరుగల్లు నేత కుటుంబాలు కలిసి చిన్న వాడ కట్టుకోవడం ఎలా

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని నేసే ఎన్నో ఇళ్లలో మాత్రం మగ్గానికి ఇప్పటికీ సరైన చోటు లేదు. ముందు గదిలో సగం మగ్గం, మిగతా సగంలో మంచం, టీవీ, పిల్లల పుస్తకాలు. కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లకూ ఇదే బాధ. మేస్త్రీ అందరికీ గీసే రెండు బెడ్‌రూముల ప్లానే వాళ్లకూ గీస్తాడు, మగ్గం రేకుల షెడ్డులోకి పోతుంది. మే నెలలో ఆ రేకుల కింద కూర్చుని నేయడం ఎవరివల్లా కాదు.

పది పన్నెండు నేత కుటుంబాలు కలిసి ఎకరం అటూ ఇటూ భూమి కొని ఇళ్లు కట్టుకోవాలనుకుంటే ఏ వరసలో ఆలోచించాలో ఇక్కడ రాస్తున్నాను. నేను గట్టిగా చెప్పేది ఒకటే: ముందు పనిని కాగితం మీద గీయండి, దాని చుట్టూ ఇల్లు గీయండి. చేర్యాల నకాషీ బొమ్మలు వేసేవాళ్లకు, కుట్టుపని చేసేవాళ్లకు కూడా ఇందులో చాలాభాగం పనికొస్తుంది. పెంబర్తి ఇత్తడి పని లాంటి వాటిలో నిప్పు, పొగ ఉంటాయి. అక్కడ పని గదిని ఇంటికి తాకకుండా విడిగా కట్టాలి.

మొదటి పని: సంఘం

పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం 1995 కింద సంఘం పెట్టాలంటే వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది చాలు. ఇంటి స్థలాలు ఎవరివి వాళ్ల పేర రిజిస్టర్ చేయించుకోండి. వీధి, బావి, అద్దకం షెడ్డు, వాననీటి ట్యాంకు మాత్రం సంఘం పేరిట ఉండాలి. ఈ ఉమ్మడి ఆస్తి ఒక్కరి పేర ఉంటే పదేళ్లకు తగాదా ఖాయం. అన్నదమ్ములైనా సరే, కాగితం రాసుకోండి.

రెండో పని: భూమి

చెరువు శిఖం భూమి, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే) హద్దు, వాగు ఒడ్డు... ఈ మూడింటి దగ్గర ఎంత చౌకగా వచ్చినా కొనకండి. 2023 జూలై 27 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మి.మీ. వాన పడింది. అదే రోజు భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు వాగు నీళ్లలో మునిగింది. ఇప్పుడు భూమి చూసేటప్పుడు ఆ వానను గుర్తుంచుకునే చూడాలి. చుట్టుపక్కల ముసలివాళ్లను అడగండి, ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గోడల మీద మరకలు చూపిస్తారు.

వ్యవసాయ భూమైతే ముందు నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పిడి, చేయించాలి. ఆ దరఖాస్తు ఇప్పుడు భూభారతి పోర్టల్‌లోనే. మున్సిపాలిటీ పరిధిలో ఉంటే కట్టడం అనుమతి ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో తీసుకోవాలి. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి రిజిస్ట్రేషన్ చాలు. అది దాటి 600 గజాల దాకా ఉన్న స్థలంలో 10 మీటర్ల లోపు ఎత్తు ఇంటికి, సొంత ధ్రువీకరణ మీద అనుమతి వెంటనే వస్తుంది.

ఎంత భూమి కావాలి? ఎకరం అంటే 40 గుంటలు, 4,840 గజాలు. పన్నెండు ఇళ్లకు తలా 200 గజాల చొప్పున 2,400 గజాలు పోతాయి. మిగతా సగం వీధికి, అద్దకానికి, నీళ్లకు, చెట్లకు. సగం భూమి 'ఖాళీగా' పోతోందని మీలోనే కొందరు అంటారు, ఒప్పుకోకండి. నేత పని సగం ఆ ఖాళీలోనే జరుగుతుంది.

ఇక నేల సంగతి. ఎర్ర చెల్క అయితే అదృష్టం. పునాది సులువు, తవ్విన మట్టితో ఇటుకలు కూడా చేసుకోవచ్చు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, దాంతోపాటు గోడలూ పగులుతాయి. రేగడి పొర తక్కువ మందంగా ఉంటే మొరం తగిలేదాకా తవ్వి, పునాది కిందా పక్కలా మొరం, ఇసుక నింపి దిమ్మిస చేయించండి. లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి దించే, అడుగున ఉబ్బుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) వేయాలి. ఇది మేస్త్రీ మాట మీద తేల్చే విషయం కాదు, ఇంజినీరుతో గుంత తవ్వించి చూపించండి. రామప్ప గుడికి పునాదిలో ఇసుక నింపిన పద్ధతి గురించి మనందరం గర్వంగా చెప్పుకుంటాం. 1213లోనే మన నేల ఎలా కదులుతుందో పట్టించుకుని కట్టారు, మనం నేల చూడకుండా ఇల్లు మొదలుపెట్టడం న్యాయం కాదు.

మూడో పని: ఒక వారం పనిని చూసి రాసుకోవడం

దీన్ని అందరూ దాటేస్తారు. ప్రతి కుటుంబం ఒక నోటు పుస్తకం పెట్టుకుని వారం రోజులు రాయాలి. మగ్గం పొడవు, వెడల్పు ఎంత, చుట్టూ తిరగడానికి ఎంత జాగా పడుతోంది, నూలు ఎక్కడ పెడుతున్నారు, కండెలు (నూలు చుట్టే చిన్న గొట్టాలు) ఎవరు చుడుతున్నారు, ఎక్కడ కూర్చుని, సేటు వచ్చినప్పుడు ఎక్కడ కూర్చుంటాడు, అద్దకానికి ఎన్ని డ్రమ్ముల నీళ్లు పోతున్నాయి, ఆ నీళ్లు ఎటు పోతున్నాయి.

ఈ లెక్కలో ఆడవాళ్ల పని బయటపడుతుంది. చాలా ఇళ్లలో కండెలు చుట్టేది భార్యో, అత్తగారో. పొయ్యి మీద అన్నం చూస్తూ, పిల్లవాణ్ని చూస్తూ, మధ్యలో రాట్నం తిప్పుతారు. ప్లాన్‌లో మగ్గానికి గది ఉంటుంది, వంటకు గది ఉంటుంది. రాట్నానికి మాత్రం ఎక్కడా చోటుండదు, గుమ్మంలోనో బాత్రూం పక్కనో కూర్చోవాల్సి వస్తుంది. ఆ చోటు ప్లాన్‌లో కనబడకపోతే ఆ ప్లాన్ తిప్పి పంపండి.

నాలుగో పని: మగ్గం గది

ఒక జంపఖానా మగ్గానికి 12 అడుగులకు 16 అడుగుల గది సరిపోతుంది. ఆరడుగుల జంపఖానా నేసే మగ్గం చట్రం ఎనిమిది అడుగులకు పైగా వస్తుంది, రెండు పక్కలా మనిషి నడిచే దారి ఉండాలి. మీ మగ్గం కొలత వేరేగా ఉంటే మీ కొలతే లెక్క.

నేలలో గుంట తీసి, కాళ్లు అందులో పెట్టుకుని నేసే గుంట మగ్గమైతే మొదటి శత్రువు వానాకాలం. గుంటలో ఊటనీరు వస్తే రోజుల తరబడి పని ఆగుతుంది. దీనికి తేలికైన పరిష్కారం అరుగు ఎత్తులోనే ఉంది. బయటి నేల కంటే ఇంటి నేల మూడడుగులు పైకి ఉంటే, రెండున్నర అడుగుల గుంట అడుగుభాగం కూడా బయటి నేల కంటే పైనే ఉంటుంది. గుంట గోడలు ఇటుకతో కట్టి, అడుగున బండ పరిచి, ఒక మూలకు వాలు ఇచ్చి చిన్న పైపు బయటికి తీయండి. ఆ పైపు మూతికి జాలీ బిగించడం మరవద్దు, పాములూ ఎలుకలూ అదే దారిలో వస్తాయి. గుంట లోపలి గోడకు సిమెంటు పూత వద్దు. ఎండాకాలం ఆ ఇటుక చల్లదనం పట్టి ఉంచుతుంది. మూడడుగుల మెట్లు ముసలివాళ్లకు కష్టం కాబట్టి ఒక పక్క వాలుదారి కట్టండి, నూలు బస్తాలు ఎక్కించడానికీ అదే దారి.

వెలుతురు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు ఇళ్లలో కిటికీ గట్టు మూడడుగుల ఎత్తులో పెడతారు. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్లు గుంటలో ఉంటాయి, కళ్లు నేలకు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉంటాయి. అంటే మూడడుగుల కిటికీ అతనికి గోడతో సమానం. వెలుతురు నెత్తి మీదుగా పోతుంది, గాలి తగలదు. మగ్గం గదిలో కిటికీ గట్టు ఒకటిన్నర అడుగుకు దించండి. ఇనుప గ్రిల్ పెట్టండి. పైన కప్పు కింద వేడిగాలి పోవడానికి వరసగా జాలీలు వదలండి.

కిటికీలు ఉత్తరం వైపు ఉండాలి. ఉత్తరపు వెలుతురు రోజంతా ఒకేలా ఉంటుంది, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి, నీలానికీ నలుపుకూ తేడా తెలుస్తుంది. ఒక జాగ్రత్త ఉంది. వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. మే మధ్య నుంచి జూలై చివరిదాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. ఆ రెండున్నర నెలలు ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకీ ఎండ ఏటవాలుగా వస్తుంది. అందుకే రెండడుగుల సజ్జాతో పాటు కిటికీకి రెండు పక్కలా నిలువు బండలు కూడా పెట్టించండి.

మగ్గాన్ని తూర్పు పడమరలుగా పెడితే వెలుతురు నేసేవాడి పక్కనుంచి పడుతుంది. వీపు వెనక కిటికీ ఉంటే గుడ్డ మీద అతని నీడే పడుతుంది. రాత్రి పనికి దీపాలు కూడా రెండు పక్కలా, పగటి వెలుగు రంగు ఎల్‌ఈడీలే పెట్టండి. నూలు దుమ్ము అంటుకుంటే మంట ఆగదు. ఈ గదికి విడిగా ఎంసీబీ (షార్ట్ అయితే కరెంటు తానే ఆపేసే స్విచ్) ఉండాలి, టేపు చుట్టిన వైరు జాయింట్లు ఒక్కటి కూడా ఉండకూడదు.

గాలి బాగా పొడిగా ఉంటే పడుగు దారాలు (మగ్గం మీద నిలువుగా సాగదీసినవి) తెగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి జాలీలకు తడి గోనెపట్టలు గానీ వట్టివేళ్ల తడికెలు గానీ కడితే దారమూ నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు. కూలర్ పెట్టాలనుకునేవాళ్లు దాని గాలి నేరుగా పడుగు మీదికి రాకుండా చూసుకోండి.

గదికి రెండు తలుపులు. ఒకటి వీధిలోకి, కొనేవాళ్లు ఇంట్లోకి రాకుండా సరుకు చూసి పోవడానికి. రెండోది వసారాలోకి. పడకగదికీ మగ్గానికీ మధ్య ఒకే గోడ రానివ్వకండి. నూలు గది గానీ వసారా గానీ అడ్డంగా రావాలి. చంటిపిల్లల నిద్రకూ, వాళ్ల ఊపిరితిత్తులకూ ఆ దూరం అవసరం.

ఐదో పని: దాని చుట్టూ ఇల్లు, వీధి

మన పాత భవంతి ఇళ్లలో నడుమ ఆకాశం కనబడే జాగా ఉండేది. 200 గజాల్లో అంత పెద్దది కుదరకపోయినా, పదడుగుల చదరం వదిలితే చాలు. దానికి ఒక పక్క మగ్గం గది, ఎదురుగా వంటిల్లు, మధ్యలో వసారా. రాట్నం ఆ వసారాలోనే. అక్కడ కూర్చున్న మనిషికి పొయ్యీ కనబడాలి, మగ్గమూ కనబడాలి. పడమర వైపు మెట్లు, స్నానాల గది, సామాను గది పెడితే సాయంత్రపు ఎండను అవి తీసుకుంటాయి. వాస్తు చూపించుకునేవాళ్లు నడుమ వాకిలి, ఉత్తరపు కిటికీలు అంటే మామూలుగా అభ్యంతరం చెప్పరు. గుంట ఏ మూలన రావాలో మాత్రం పునాదికి ముందే అడిగేయండి, తర్వాత మార్చడం చాలా ఖర్చు.

వీధి తూర్పు పడమరలుగా తిన్నగా ఉండాలి. అప్పుడు ఇళ్ల పొడవైన గోడలు ఉత్తర దక్షిణాలకు వస్తాయి, ఎండ తగిలే తూర్పు, పడమటి గోడలు చిన్నవవుతాయి. దక్షిణపు వరస ఇళ్లకు మగ్గం గది వీధి వైపు, ఉత్తరపు వరస ఇళ్లకు పెరటి వైపు వస్తుంది. ఉత్తరపు వరసకు పక్కనుంచి నాలుగడుగుల సందు వదలండి. చెట్లు వీధికి ఉత్తరపు అంచునే నాటండి, దక్షిణపు అంచున నాటితే దక్షిణపు వరస మగ్గం కిటికీల వెలుతురు పోతుంది. వాడకు పడమటి హద్దు పొడుగునా కానుగ, వేప దగ్గరదగ్గరగా వేయండి.

ఈ తిన్నని వీధి పడుగు చాపడానికి. తెల్లవారుజామున పడుగు సాగదీసి గంజి పెట్టాలంటే పొడవైన, మలుపు లేని జాగా కావాలి. ఉదయం తొమ్మిదిదాకా వీధిలోకి బండ్లు రాకూడదని సంఘం నియమం రాసుకోండి. వీధిని సిమెంటుతో పూర్తిగా మూసేయకండి, మధ్యలో బండలు పరిచి అంచులు మొరంతో వదిలితే వాన నేలలోకి ఇంకుతుంది.

ఆరో పని: గోడ, కప్పు

పునాదికి మన గ్రానైటు రాయిని మించింది లేదు. గోడకు మూడు దారులు ఉన్నాయి.

చెల్క మట్టి ఉంటే, పునాదులూ ట్యాంకూ తవ్విన మట్టిలో 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి మిషన్‌లో నొక్కిన మట్టి ఇటుకలు చేసుకోవచ్చు. కాల్చే పని లేదు. గాజు సీసాలో మట్టి, నీళ్లు పోసి బాగా కుదిపి ఒక రోజు వదిలితే ఇసుక, ఒండ్రు, బంక పొరలుగా తేరుతాయి. ఇసుక సగానికి పైగా ఉండాలి. నల్లరేగడి దీనికి పనికిరాదు. ఇటుకలను మూడు నాలుగు వారాలు గోనెల కింద తడి ఆరకుండా ఉంచాలి. ఇక్కడ తొందరపడితే వాన దెబ్బకు అంచులు రాలిపోతాయి.

రెండోది బూడిద ఇటుక. రామగుండం, భూపాలపల్లి థర్మల్ కేంద్రాల బూడిద మనకు దగ్గరే. ఇటుకలన్నీ ఒకే కొలతలో వస్తాయి కాబట్టి ర్యాట్‌ట్రాప్ కట్టుకు బాగా కుదురుతాయి. ఇటుకను పక్కకు నిలబెట్టి, గోడ మధ్యలో మూడు అంగుళాల బోలు వదిలి కట్టే పద్ధతి ఇది. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో దీన్ని వందల ఇళ్లలో వాడారు. తొమ్మిది అంగుళాల గోడకు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది, మధ్యలో గాలి ఉండటం వల్ల వేడి, చప్పుడు రెండూ తగ్గుతాయి. మూలలు, దర్వాజల పక్కలు, లింటెల్ కింది వరస మాత్రం బోలు లేకుండా కట్టాలి. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో ముందే తేల్చుకోవాలి, తర్వాత గోడ కొడితే బోలులోకి పగులుతుంది.

మూడోది మామూలు ఎర్ర ఇటుక. పై రెండూ దొరకనప్పుడే.

కప్పుకు బెంగుళూరు పెంకులు అందంగా ఉంటాయి, చల్లగా ఉంటాయి. కానీ ఉత్తర తెలంగాణ ఊళ్లలో కోతులు పెంకులు ఉండనివ్వవు. అందుకని నేను ఫిల్లర్ స్లాబ్ వైపే మొగ్గుతాను. స్లాబ్ కింది సగంలో కాంక్రీటు చేసే పని తక్కువ, సలాకల చుట్టూ ఉంటే చాలు. సలాకల మధ్య ఖాళీల్లో పెంకులు పరిచి పైన కాంక్రీటు పోస్తే సిమెంటు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. సలాకల లెక్క ఇంజినీరే వేయాలి. పైన ఏటా మార్చిలో తెల్ల సున్నపు పూత గానీ కూల్ రూఫ్ పెయింట్ గానీ వేయండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది, అంత ఉపయోగం ఉన్న పని ఇది.

ఏడో పని: నీళ్లు

ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మి.మీ. వాన పడితే ఒక లీటరు. ఇంటికి 100 చదరపు మీటర్ల కప్పు, ఏడాదికి 900 మి.మీ. వాన, అందులో 80 శాతం చేతికొస్తుందనుకుంటే 72,000 లీటర్లు. పన్నెండు ఇళ్లకు 8,64,000 లీటర్లు. ఇందులో ఎక్కువ భాగం బావిలోకి, బోరు దగ్గరి ఇంకుడు గుంతలోకి పంపండి. అద్దకం కోసం 5 మీటర్ల చదరం, 2 మీటర్ల లోతు ట్యాంకు కడితే 50,000 లీటర్లు నిలుస్తాయి. మన బోరు నీళ్లలో సున్నం ఎక్కువ, రంగు మందగిస్తుంది. వాననీళ్లు మెత్తగా ఉంటాయి, రంగు బాగా పడుతుంది. ఇంట్లో తాగడానికి భగీరథ నీళ్లు, రంగుకు వాననీళ్లు అని విడగొట్టుకోండి. మొదటి వాన నీళ్లు ట్యాంకులోకి పోనీయకండి.

రంగు నీళ్లే ఈ వాడకు అసలు పరీక్ష. ఇంటింటికీ అద్దకం వద్దు. ఉమ్మడి షెడ్డు ఒక్కటే, ఇళ్లకు తూర్పు హద్దున, భూమి వాలులో కింది వైపు, బావికి దూరంగా. నూలుకు అద్దే రియాక్టివ్ అనే రసాయన రంగుల నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఇంకుడు గుంత గానీ అరటి మొక్కలు గానీ ఆ ఉప్పును తీయలేవు, అది మీ బావిలోకే చేరుతుంది. కాబట్టి చిక్కటి రంగు నీళ్లను, చివరి జాడింపు నీళ్లను వేరు చేయండి. చివరి జాడింపు నీళ్లు మరుసటి అద్దకంలో మొదటి ఉతుకుకు వాడొచ్చు. చిక్కటి నీళ్లు మాత్రం అడుగూ గోడలూ ఊట పోకుండా కట్టిన లోతు తక్కువ తొట్టిలో ఎండబెట్టాలి. రోజుకు 4 మి.మీ. ఆవిరవుతుందని వేసుకుంటే, 100 చదరపు మీటర్ల తొట్టి రోజుకు 400 లీటర్లు ఎండబెడుతుంది. మీ డ్రమ్ముల లెక్క దీనికి సరిపోకపోతే తొట్టి పెంచాలి, లేదా అద్దకం తగ్గించాలి. వానాకాలానికి పైన పారదర్శక రేకులు వేసి, పక్కలు గాలికి వదలండి. అడుగున మిగిలే మడ్డిని పొలంలో పోయకూడదు. బస్తాల్లో నిల్వచేసి, కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన కేంద్రానికే పంపాలి.

స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు అరటికి, మెట్టతామరకు మళ్లించండి. మరుగుదొడ్డి గుంతలు బావికి కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి.

ఎనిమిదో పని: కరెంటు

చేమగ్గానికి దీపాలు, ఫ్యాన్లు, కండెల మోటారు తప్ప పెద్ద ఖర్చు లేదు. ఇంటికి 2 కిలోవాట్ల సోలార్ చాలు, రోజుకు ఎనిమిది యూనిట్ల దాకా వస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60,000 రూపాయల సబ్సిడీ ఉంది. 200 చదరపు అడుగుల కప్పు నీడ పడకుండా, దక్షిణం చూసేలా వదలండి. పలకలను మగ్గం గది కప్పు మీదే బిగిస్తే ఆ గదికి నీడ కూడా దొరుకుతుంది.

తొమ్మిదో పని: డబ్బు, వరస

2021-26 జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమం కింద మగ్గం షెడ్డుకు 1.20 లక్షల సాయం పెట్టారు, ఇప్పుడు ఎంత ఉందో చేనేత జౌళి శాఖ కార్యాలయంలో అడగండి. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో 5 లక్షలు వచ్చినవాళ్లు విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్యే ఉండాలని గుర్తుంచుకోండి. మగ్గం గది ఎలా, ఎప్పుడు కట్టాలో పునాదికి ముందే హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)తో మాట్లాడాలి, లేకపోతే బిల్లు ఆగుతుంది.

దసరా తర్వాత పునాదులు మొదలుపెట్టి, సంక్రాంతికి గోడలు, మార్చికి స్లాబులు పూర్తయితే నీళ్ల తడికీ ఎండకూ ఇబ్బంది ఉండదు. అందరికంటే ముందు ఒక ఇల్లు పూర్తిగా కట్టండి. మగ్గం దించి ఒక జంపఖానా నేసి చూడండి. కిటికీ ఎత్తు, దారి వెడల్పు అక్కడే తేలుతుంది. మిగతా పదకొండు ఇళ్లకు ఆ దిద్దుబాట్లతో వెళ్లండి. వాననీటి ట్యాంకు, కప్పు పైపులు ఏటా మృగశిర కార్తెకు ముందు కడగాలి, వంతులు సంఘం పుస్తకంలో రాసి పెట్టుకోండి.

పదో పని: నేయడం ఆపిన ఇంటి గురించి

పిల్లలందరూ మగ్గం ఎక్కరు. ఎక్కాలని పట్టుబట్టడం కూడా సరికాదు. అందుకే గుంట అంచుకు చుట్టూ రెండు అంగుళాల గట్టు వదిలి కట్టండి. అవసరమైనప్పుడు దాని మీద షాబాద్ బండలు పరిస్తే గది నేల చదునవుతుంది. వీధి తలుపు, మంచి వెలుతురు, విడి కరెంటు లైను ఉన్నాయి కాబట్టి అది టైలరింగ్ గదో, ట్యూషన్ గదో అవుతుంది. మీటరు కేటగిరీ మార్చాల్సి ఉంటే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో చెప్పి మార్పించండి. గదిని అద్దెకిచ్చేటప్పుడు వాడలో మగ్గం జాగా లేని నేతగాడికి మొదటి అవకాశం ఇవ్వాలని సంఘం బైలా (నియమావళి)లో రాయండి. రంగులు, రసాయనాల గోదాముకు ఇవ్వకూడదని కూడా అక్కడే రాయండి.